డాక్టరు పెట్టె మీద కూర్చున్న గంగాలమ్మ

ఆ రోజు గంగాలమ్మ పెట్టె మీద కూర్చుంది. ఎవరు చెప్పినా దిగలేదు.

అది కొండకీ సముద్రానికీ మధ్యనున్న మా యారాడ బడికి జూన్ నెలలో వచ్చిన డాక్టరు పెట్టె. ఇనప పెట్టె. లోపల టీవీ లాంటి తెర, గుండె చప్పుడు వినే గొట్టం, చెవిలోకి చూసే దీపం ఉంటాయి. తెర వెలిగిస్తే పట్నంలో ఉన్న డాక్టరమ్మ కనిపిస్తుంది. పిల్లల్ని చూస్తుంది, మందు చీటీ పంపుతుంది. సెప్టెంబరులో ఒక ఆఫీసరు వ్యానేసుకుని వచ్చి, ఆ పెట్టెకు తాళం వేయించి, పట్టుకుపోతానన్నాడు. పేరు ఉమాశంకర్. పెందుర్తిలో ఇల్లు, కళ్ళకు నల్లద్దాలు, మెడలో పలుపుతాడులా కార్డు. మాట మెత్తన. చేసే పని మాత్రం గోతిలోకి తోసేది.

"వాడకం లేదమ్మా," అన్నాడు. "మూడు నెలల్లో పద్నాలుగు మంది పిల్లలే చూపించుకున్నారు. వాడని పెట్టెను ఇంకో బడికి ఇమ్మని పైనుంచి ఆర్డరు."

గంగాలమ్మ ఆ బడిలో ఆయా. అప్పుడే మరుగుదొడ్లు కడిగి వచ్చింది. చీపురు గోడకి ఆనించి, చేతులు చెంగుకి తుడుచుకుని, పెట్టె మీద కూర్చుంది.

"ఎవులు వాడట్లేదన్నారు బావూ? మేం వాడతాం. అదే ఎలగదు."

"ఎందుకు వెలగదమ్మా? తండ్రి ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆ నాలుగు అంకెలూ కొడితే వెలుగుతుంది."

"తండ్రి ఎక్కడుంటాడు?"

"ఇంట్లో ఉంటాడు."

బడి ముందు చేరిన ఆడవాళ్ళం పాతికమందిమి ఉంటాం. ఒక్కసారిగా నవ్వు.

"ఓలమ్మా, మా మగాళ్ళు ఇంట్లో ఉంటారంట!" అంది గంగాలమ్మ. "ఏ ఇంట్లో ఉంటారో సెప్పు బావూ, ఎల్లి ఎతుక్కుంటాం. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయ్యింది, మా ఆయన్ని ఇంట్లో సూసిన రోజులు సేతి ఏళ్ళ మీద లెక్కెట్టుకోవాల."

అతను నవ్వలేదు. తన దగ్గర అందరి నంబర్లూ ఉన్నాయన్నాడు. "అయితే సెయ్యి," అంది. "అందరూ ఇనేలాగ పెట్టి సెయ్యి. ఒక్కడు ఆ అంకెలు సెప్తే నాను దిగుతాను."

చేశాడు. మొదటి ఫోను కవరేజ్ ఏరియాలో లేదంది. రెండోది స్విచాఫ్. మూడోది మళ్ళీ కవరేజ్ ఏరియా. ఫోనులో ఆ అమ్మాయి అదే పాట పాడుతూంటే మా వాళ్ళు ఒక్కొక్కరు చెయ్యెత్తి, "అది మా ఆయన," "అది మా కొడుకు," అనడం మొదలుపెట్టారు. పదకొండు ఫోన్లు అలాగే పోయాయి. పన్నెండోది మోగింది. అవతల ఎవడో ఎత్తాడు. పారాదీప్ రేవులో ఉన్నాట్ట, బోటుకి మంచు ఎక్కిస్తున్నారట. ఆఫీసరు ముఖం వెలిగింది. "మీ ఫోనుకొక ఓటీపీ పంపుతాను, చెబుతారా?" అన్నాడు.

"ఓటీపీ అడిగినోళ్ళు దొంగలని బ్యాంకోళ్ళు సెప్పారు. పెట్టెయ్‌రా ఫోను!" అని వాడు నాలుగు తిట్లు తిట్టి పెట్టేశాడు.

నవ్వీ నవ్వీ కొందరు కింద కూర్చున్నారు. నల్లద్దాలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పటిదాకా నవ్విన గంగాలమ్మ అప్పుడు నవ్వడం మానేసింది.

"బావూ, నువ్వు సదూకున్నోడివి. మా మగాళ్ళు బోటెక్కితే పదిరోజులు, పదిహేను రోజులు రారు. నడి సముద్రంలో టవరుంటాదేటి? ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట బందు. ఆ రెండు నెల్లూ ఒడ్డునుంటారు. అప్పుడు బడికి సెలవలు. బడి తెరిసింది పన్నెండో తారీకు. బోట్లెల్లింది పద్నాలుగు రేత్రి. మొత్తం ఏడాదిలో మాకున్నది మూడే మూడు రోజులు. ఆ మూడ్రోజుల్లోనే పదకొండు మంది పిల్లగుంటల్ని సూపించాం. తరవాత మాత్తరం ముగ్గురే. వాడకం నేదని ఎవుల మీద రాత్తావ్? మా మీదా, సముద్రం మీదా?"

అతను నల్లద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆఫీసరన్నాక చివరి మాట ఒకటి ఉంచుకుంటాడు. "మరి జూన్లో తల్లుల నంబర్లు ఇమ్మని టీచరుగారు అడిగారట కదా. ఎందుకు ఇవ్వలేదు?"

చాలామంది నేల చూపులు చూశారు. కొందరు నా వైపు చూశారు. గంగాలమ్మ మాత్రం నా వైపు చూడలేదు.

"బయపడ్డాం బావూ," అంది. "కాయితాలంటే మాకు బయం. ఇప్పుడిత్తాం. తల్లి నంబరు, తల్లి ఏలిముద్ర. తీసుకుంటావా, నేదంటే నన్నూ పెట్టెతో పాటు వ్యానెక్కిత్తావా?"

అతను పక్కకి వెళ్ళి ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చి, నెలాఖరు దాకా ఆగుతామన్నాడు. బడిలో పిల్లలున్న ఇళ్ళు నలభై మూడు. అందులో ముప్ఫై ఇళ్ళ తల్లులు నంబరిచ్చి వేలిముద్ర వెయ్యాలి. ముప్ఫై నిండకపోతే పెట్టె వెళ్ళిపోతుంది. గంగాలమ్మ అప్పుడు దిగింది. దిగి చీపురు అందుకుంది. వ్యాను ఖాళీగా కొండెక్కింది.

ఆ పెట్టె పెట్టిన రోజున పేపర్లో ఫోటో వేశారు. దండలు, రిబ్బను, పెద్దమనుషులు. ఆ ఫోటోలో గంగాలమ్మ లేదు. వాళ్ళందరికీ టీ గ్లాసులు కడుగుతూ వెనకాల ఉంది. అందుకే నేను రాస్తున్నాను. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. నా పేరు పోతమ్మ. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ కొండ దాటాను, ఎవరి దగ్గరా తల వంచలేదు. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. మాట మాత్రం దిద్దకండి.

గంగాలమ్మ నా కళ్ళ ముందు పుట్టిన పిల్ల. ఆమెకి ఒక చెల్లెలుండేది. పద్నాలుగేళ్ళప్పుడు దానికి మోకాళ్ళు వాచేవి, తగ్గేవి, మళ్ళీ మోచేతులు వాచేవి. ఎదిగే పిల్లకి నొప్పులు మామూలే అన్నాం. నేనూ అన్నాను. గంగాలమ్మకి అప్పుడు పదిహేడు. చెల్లెల్ని వీపున వేసుకుని కొండ ఎక్కి దిగి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఒకసారి చీటీ రాసేవాడు లేడన్నారు, ఒకసారి గురువారం రమ్మన్నారు. గురువారం రాకుండానే పిల్ల పోయింది. గుండె చెడిపోయిందని ఆ తరవాత చెప్పారు. గొంతు నొప్పితో మొదలై కీళ్ళ మీదుగా గుండెలో దిగే జబ్బట. ముందే పట్టుకుంటే ఇరవై ఒక్క రోజులకొక సూదితో ఆపొచ్చట. మా కొండకి ఆ మాట చేరడానికి పాతికేళ్ళు పట్టింది. ఎవడో ఒకడు ముందే వచ్చి చెప్పలేకపోయాడా? ఓట్లకి ఎంతమంది రాలేదు ఈ కొండ దిగి!

పెట్టె వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని నడిపేదెవరని అడిగారు. బడి పెద్ద ఆశాజ్యోతి టీచరు ఒక్కర్తే ఇద్దరి పాఠాలు చెబుతోంది, తీరిక లేదు. గంగాలమ్మ నేను పట్టుకుంటానంది. దొడ్లు కడిగే చేతులతో డాక్టరు గొట్టమా అని మాలోనే కొందరు మూతి తిప్పారు. గంగాలమ్మ సబ్బుతో మోచేతుల దాకా తోముకుని వచ్చి, "వాసన సూసుకోండే," అని వాళ్ళ ముక్కు దగ్గర పెట్టింది.

బడి తెరవక ముందే రెండు రోజుల్లో నేర్చుకుంది. గొట్టం బిళ్ళ చల్లగా ఉంటే పిల్లలు ఉలిక్కిపడతారని ముందు అరచేతిలో కాచేది. ఏడ్చే పిల్లాడికి ముందు వాడి గుండె వాడికే వినిపించేది. ఫ్యాను ఆపేది, సముద్రం వైపు కిటికీ మూసేది. హోరు కలిస్తే డాక్టరమ్మకి గుండె చప్పుడు తేడా తెలియదట. తెరలో డాక్టరమ్మ పేరు మహీన్. పట్నం పాతవూరి వాళ్ళ అమ్మాయి. "గంగాలమ్మగారూ, కొంచెం ఎడమకి జరపండి," అనేది. గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆవిడేనని గంగాలమ్మ వారం రోజులు చెప్పుకుంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. చెయ్యి పట్టి చూడని డాక్టరేం డాక్టరు అన్నాను.

జూన్ పదమూడున నా కొడుకు అర్జునరావు ఇంకా ఒడ్డునే ఉన్నాడు. వాడి కూతురు శ్రీసత్యకి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకి అప్పటికి రెండు వారాలుగా మోకాళ్ళు నొప్పి. నేను వేపనూనె రాస్తున్నాను. గంగాలమ్మ ఆ పిల్ల నడక చూసి, ఏమీ అడక్కుండా రెక్క పట్టుకుని తెర ముందు కూర్చోబెట్టింది. అర్జునరావు ఓటీపీ చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

డాక్టరమ్మ ఒకసారి విన్నది. మళ్ళీ వినిపించమన్నది. పక్క తరగతి పిల్లల్ని గట్టిగా చదవొద్దనమన్నది. మూడోసారి వింటూ కళ్ళు మూసుకుంది. గంగాలమ్మ గొట్టం బిళ్ళని కదలనివ్వకుండా పట్టుకుంది. తన చెల్లెలి మోకాళ్ళు గుర్తొచ్చి ఉంటాయి. నాకూ వచ్చాయి. ఎదిగే పిల్లకి నొప్పులు మామూలే అన్న నోరు నాది.

గుండెలో చప్పుడు తేడాగా ఉంది, ఇప్పుడే దొరికింది కాబట్టి కాపాడుకోవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. ఇరవై ఒక్క రోజులకొక సూది, ఏళ్ళ తరబడి. ప్రతిసారీ తెర మీద పిల్లని చూసి చీటీ పంపుతుంది. ఆ చీటీ చూపిస్తే మా ఊరి నర్సమ్మ సూది వేస్తుంది. కొండ దాటక్కర్లేదు.

వినడానికి ఎంత బాగుంది! మర్నాడు రాత్రి అర్జునరావు బోటెక్కాడు. వాడితో పాటు వాడి ఫోనూ ఎక్కింది. జులైలో సూది రోజు వచ్చింది. తెర వెలగలేదు. చీటీ లేకుండా నర్సమ్మ వెయ్యనంది, ఆమె ఉద్యోగం ఆమెది. నా కోడలు పైడితల్లి పిల్లని తీసుకుని తెల్లారి బస్సెక్కి కొండ దాటి, సింధియాలో మరో బస్సెక్కి, పెద్దాసుపత్రిలో రెండు లైన్లు నిలబడి, సాయంత్రానికి సూది వేయించుకొచ్చింది. ఆ తరవాతిసారి వెళితే ఎల్లుండి రమ్మన్నారు. ఎల్లుండి పిల్లకి జ్వరం, లేవలేకపోయింది. ఆగస్టులో మోకాళ్ళు మళ్ళీ వాచాయి. మా వాడి బోటు రెండు రోజులు రేవుకొచ్చింది కాబట్టి సరిపోయింది. తెర వెలిగింది. చీటీ వచ్చింది. డాక్టరమ్మ గంగాలమ్మని కోప్పడింది. "సూది ఒక్కటి తప్పినా గుండెకి దెబ్బేనండి. ఎందుకు తప్పించారు?" గంగాలమ్మ తల వంచుకుని తిట్లు తిన్నది. ఆ తిట్లు ఆమెవి కావు.

పిల్ల గుండె ఒడ్డున, దాన్ని చూసే తెరకి తాళంచెవి నడి సముద్రంలో! ఎవడయ్యా ఈ తెలివి చేసినవాడు? ఒక్కసారి మా రేవుకొచ్చి బోట్లు ఎప్పుడు వెళతాయో, ఎప్పుడు వస్తాయో అడిగాడా? తొమ్మిది నెలలు మోసిన తల్లికి నాలుగంకెలు మొయ్యడం రాదనుకున్నాడా? చేప అమ్మేదీ, బడికి పంపేదీ, రాత్రంతా జ్వరానికి తడిగుడ్డ వేసేదీ తల్లి. కాగితంలో మాత్రం తండ్రి!

ఇలా తిట్టుకుంటూ నెల గడిపాను. తిట్టే నోటికి తన సంగతి గుర్తుండదు. ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

బడి తెరిచిన రోజున ఆశాజ్యోతి టీచరు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, పాత కాగితాల్లో తండ్రుల నంబర్లున్నాయి, వాళ్ళు బోట్లెక్కితే కష్టం, తల్లుల నంబర్లు ఇవ్వండి అని అడిగింది. అప్పుడు లేచినది నేను. "ఎవులూ ఇవ్వకండే," అన్నాను. "మా మరిది సిమ్ము మార్చాడు, ఆ ఏడాది వేట బందు డబ్బులు పడ్నేదు. నంబరు మారిత్తే మీ డబ్బులూ ఆగిపోతాయి." వేట ఆపిన రెండు నెలలకీ సర్కారు ఇచ్చే డబ్బుతోనే మా పొయ్యిలు వెలుగుతాయి. ఆ మాట విని ఎవరు నంబరిస్తారు? పెద్దదాన్ని, లోకం చూసినదాన్ని. నలభై మూడు ఇళ్ళూ నా మాట విన్నాయి.

మా మరిది డబ్బు ఆగిందని నాకెలా తెలుసు? గోడవతల తోటికోడలు తాయారు ఏడుస్తుంటే విన్నాను. ఎందుకు ఆగిందో అడగలేదు. చేపలు ఎండబెట్టే జాగా దగ్గర తగువొచ్చి తొమ్మిదేళ్ళయింది, తాయారూ నేనూ మాట్లాడుకోం. సిమ్ము మార్చినట్టు తెలుసు, డబ్బు ఆగినట్టు తెలుసు. రెండూ కలిపి ముడేశాను.

ఆఫీసరు వెళ్ళిన మర్నాటి నుంచి గంగాలమ్మ బడి వరండాలో అతనిచ్చిపోయిన వేలిముద్ర మిషను పెట్టుకుని కూర్చుంది. వారం రోజులకి వచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒకర్తి నా కోడలు. నాకు చెప్పకుండా వెళ్ళింది, నేను తెలియనట్టు ఊరుకున్నాను. మిగతావాళ్ళు గంగాలమ్మ ఎదురైతే చీర సర్దుకుంటూ పక్కకి పోయేవారు. పెట్టె కోసం నవ్వినవాళ్ళే, అరిచినవాళ్ళే. వేలు పెట్టమంటే మాత్రం పోతమ్మత్త చెప్పింది కదా అన్నారట.

నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా, సాయంత్రం గంగాలమ్మ మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద ఎండుచేపలు ఏరుతున్నాను. శ్రీసత్య లోపల లెక్కలు చేసుకుంటోంది. మళ్ళీ సూది వెయ్యాల్సిన రోజు వచ్చే శుక్రవారం. గంగాలమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పిన్నీ, తాయారు పిన్నిని అడిగాను."

"ఏటడిగావ్?"

"డబ్బులెందుకు ఆగాయని. సిమ్ముకీ దానికీ సమ్మందం నేదంట. బోటు లైసెన్సు కాయితం గడువు దాటిపోనాది, బాబాయి మార్పించనేదంట. కాయితం మార్పించాక మర్సటేడు పడ్డాయంట. బడి నంబరు ఏరు, ఆ డబ్బుల నంబరు ఏరు. మత్స్యశాఖ ఆఫీసుకీ ఎల్లి అడిగొచ్చాను."

చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక గంగాలమ్మ మీదే మండాను.

"అయితే ఆ రోజు ఆఫీసరు ముందరే నా పేరు సెప్పీవలిసింది! పోతమ్మ సెడగొట్టిందని!"

"సెప్తే ఏటవుతాది? ఆడు ఎల్లిపోతాడు, మనం ఇక్కడే ఉంటాం. ఆడి ముందు నిన్నెందుకు తక్కువ సెయ్యాల?" అంది. "ఇప్పుడు ఎవులూ నేరు కాబట్టి సెప్తన్నాను. నువ్వు సెడగొట్టావు పిన్నీ."

నా ముఖాన అంత మాట అన్నవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నేను చాట కింద పెట్టాను. పోట్లాటకి మాట వెతికాను. దొరకలేదు. లోపల్నుంచి శ్రీసత్య, "నానమ్మా, ఏడు ఆరులు ఎంత?" అని అడిగింది. నాకది కూడా నోటికి రాలేదు. గంగాలమ్మే, "నలబై రెండు," అని చెప్పింది.

"ఇంకేటి, అందరికీ నువ్వే సెప్పు," అన్నాను. "కాయితం సంగతి నీకు తెలిసింది కదా."

"వారం నుంచి సెప్తన్నాను. ఆయా మాట ఎవులింటారు? నీ మాట ఇన్నారు. నీ మాటే ఇంటారు. నీ నోటితో ఏసిన ముడి నీ నోటితోనే ఇప్పాల. మీ గుంట నంబరు మారిపోనాదని నువ్వు నిబ్బరంగా కూకున్నావు గానీ, ముప్పై నిండకపోతే పెట్టెల్లిపోతాది. అప్పుడు పైడితల్లి నంబరు ఏ తెరకి కొడతావ్? శుక్కురారం సూదికి మళ్ళీ కొండెక్కాల."

ఆమె కళ్ళు లోపల లెక్కలు చేసుకుంటున్న పిల్ల మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఏటి సెయ్యమంటావ్ అయితే?" అన్నాను.

"రేపు నాతో రా పిన్నీ. ముప్పై తొమ్మిది గుమ్మాలున్నాయి. ఒకో గుమ్మం ఎక్కాల. 'నాను తప్పు సెప్పాను, నంబరియ్యండి,' అనాల. అంతే. మిగతాది నాను సూసుకుంటాను."

"అలాగే. తాయారు గుమ్మం తప్ప," అన్నాను. "దాని మనవడూ ఆ బళ్ళోనే ఉన్నాడని తెలుసు. ఆ ఒక్కటీ ఒగ్గేయ్. ముప్పై ఎనిమిది ఎక్కుతాను."

గంగాలమ్మ చాటలోంచి ఒక చేప తీసి, పురుగు పట్టిందని అవతల పారేసి, చెయ్యి దులుపుకుంది.

"తాయారు గుమ్మమే మొదటిది," అంది. "అక్కడ ఎక్కావంటే మిగతావోళ్ళు నువ్వొచ్చే ముందే నంబరు రాసుకుని నిలబడతారు. ఆరింటికి ఒత్తాను. టీ తాగేసి ఉండు."